సబ్‌వూఫర్ ఆంప్ కోసం వాట్లు అడక్కండి, వోల్టులు అడగండి

మొన్న మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. "అన్నా, వూఫర్ కొనేశా, 12 అంగుళాలది, 300 వాట్స్ ఆర్‌ఎమ్‌ఎస్. ప్లైవుడ్ కూడా కోయించేశా. ఇప్పుడు ఆంప్ ఎంతది తీసుకోమంటావ్, 600 దా 1000 దా?" అన్నాడు. సీల్డ్ బాక్సా (అంతా మూసేసింది) పోర్టెడా (గాలి పోయే గొట్టం ఉన్నది), పోర్టెడ్ అయితే ఎన్ని హెర్ట్జ్‌కి ట్యూన్ చేస్తున్నావ్, ఎక్స్‌మ్యాక్స్ (కోన్, అంటే స్పీకర్ ముందు కదిలే పళ్లెం, ఒక వైపుకి హద్దులో కదలగలిగే దూరం) ఎన్ని మిల్లీమీటర్లు అని అడిగా. కాసేపు చప్పుడు లేదు. తర్వాత "అవన్నీ ఎందుకన్నా, డ్రైవర్ ఆర్‌ఎమ్‌ఎస్‌కి డబల్ వాట్స్ ఆంప్ తీసుకోవాలంట కదా, ఆ లెక్క నిజమేనా చెప్పు చాలు" అన్నాడు.

ఈ డబల్ లెక్క, అంటే వూఫర్ ఆగకుండా తట్టుకునే పవర్‌కి (ఆర్‌ఎమ్‌ఎస్) రెండింతల ఆంప్ అన్నది, నేను కూడా ఏళ్ల తరబడి నమ్మినవాణ్ణే. నలుగురికి చెప్పా కూడా. ఆ లెక్క పట్టుకుని ఒక మంచి వూఫర్ పోగొట్టుకున్నా, ఇంకోసారి దానికి సరిగ్గా వ్యతిరేకమైన తప్పు చేశా. అందుకే వాడికి ఫోన్‌లో చెప్పలేకపోయింది ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా. నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. సొంతంగా కట్టుకున్న సబ్‌వూఫర్‌కి ఆంప్ ఎంచుకునేటప్పుడు వాట్లు అనే మాట పక్కన పెట్టేయాలి, కోన్ ఎన్ని మిల్లీమీటర్లు కదలగలదో చూసి, అంత కదలడానికి ఎన్ని వోల్టులు కావాలో చూసి, ఆ వోల్టులు శుభ్రంగా ఇవ్వగలిగి, అవసరమైన చోట ఆపగలిగే ఆంప్ తీసుకోవాలి.

వాట్ అనేది ఎక్కడా స్థిరంగా ఉండదు

ఆంప్ ఇచ్చేది వోల్టేజ్. వాట్లు ఎన్ని పోతాయన్నది స్పీకర్ చేతిలో ఉంటుంది. వూఫర్ మీద 4 ఓమ్స్ అని రాసి ఉంటుంది కానీ అది పేరుకే. నా పాత పోర్టెడ్ బాక్స్‌కి ఒక రెసిస్టరు, ల్యాప్‌టాప్ సౌండ్ కార్డ్ పెట్టి ఇంపెడెన్స్ (ఒక్కో ఫ్రీక్వెన్సీ దగ్గర కరెంటుకి అడ్డు ఎంత అన్నది) గ్రాఫ్ తీశా. కాయిల్ డీసీ రెసిస్టెన్స్ 3.4 ఓమ్స్. ట్యూనింగ్ దగ్గర, అంటే 27 హెర్ట్జ్ దగ్గర, దాదాపు 4 ఓమ్స్. దానికి అటూ ఇటూ రెండు కొండలు, 15 దగ్గర ఒకటి, 48 దగ్గర ఒకటి, రెండూ 30 ఓమ్స్ దాటినవే.

ఇప్పుడు ఆంప్ 20 వోల్టులు ఇస్తోందనుకోండి. 27 హెర్ట్జ్ దగ్గర 100 వాట్లు పోతాయి. అదే 20 వోల్టులు, అదే నాబ్, 48 హెర్ట్జ్ దగ్గర 13 వాట్లే పోతాయి. వినడానికి మాత్రం రెండింటి మధ్య అంత తేడా ఉండదు. పాటలో ఒక్కో బాస్ నోట్‌కి వాట్లు మారిపోతూనే ఉంటే, "ఎన్ని వాట్స్ ఆంప్" అన్న ప్రశ్నకి జవాబు ఎక్కణ్ణుంచి వస్తుంది? వోల్టు అలా కాదు, ఎక్కడైనా వోల్టే. అందుకే వూఫర్ సెన్సిటివిటీని (ఇంత ఇస్తే ఎంత గట్టిగా పలుకుతుందన్నది) చాలామంది 2.83 వోల్టుల దగ్గర కొలిచి ఇస్తారు, 8 ఓమ్స్‌కి అది 1 వాట్, 4 ఓమ్స్‌కి 2 వాట్లు. ఇది గమనించకుండా 4 ఓమ్స్ వూఫర్ 3 డెసిబెల్స్ ఎక్కువ పలుకుతుందని మోసపోయేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

వోల్టుల్లో ఆలోచించడం అలవాటైతే ఇంకో లాభం ఉంది, అట్టపెట్టె మీద రాసింది నిజమో కాదో కూర్చున్న చోటే తేలిపోతుంది. 24 వోల్టుల సప్లై మీద నడిచే క్లాస్ డి బోర్డు (స్విచ్‌లా ఆన్ ఆఫ్ అవుతూ పనిచేసే ఆంప్) ఎంత గింజుకున్నా స్పీకర్‌కి 24 వోల్టుల పీక్ దాటి ఇవ్వలేదు. అంటే ఆర్‌ఎమ్‌ఎస్ (వాట్లు కట్టడానికి వాడే సగటు లాంటి లెక్క) 17 వోల్టులు. 4 ఓమ్స్‌కి 72 వాట్లు, అదీ నష్టాలేమీ లేవనుకుంటే. దాని మీద ఎన్ని వందలు అచ్చు వేసినా సరే, ఫిజిక్స్ ఒప్పుకోదు. పైగా దాంతోపాటు వచ్చే అడాప్టర్ 24 వోల్టులు 5 ఆంపియర్లయితే అది బోర్డుకి ఇవ్వగలిగేదే 120 వాట్లు, అందులోంచి 300 ఎలా పుడతాయి? పీఎమ్‌పీఓ (ఒక్క క్షణం పీక్ పవర్ అని చెప్పుకునేది) అని వేలల్లో రాసేవాళ్ల సంగతి ఎత్తను, దానికి అందరూ ఒప్పుకున్న నిర్వచనమే లేదు.

చిప్ తయారుచేసినవాళ్ల డేటాషీట్లు ఇంతకంటే నిజాయితీగానే ఉంటాయి గానీ అక్కడా చదవాల్సిన చిన్నక్షరాలు ఉంటాయి. టీపీఏ3116 కి చానెల్‌కి 50 వాట్లు, టీపీఏ3255 కి 315 వాట్లు అని పెద్దగా కనపడతాయి, రెండూ 4 ఓమ్స్ దగ్గర, 10 శాతం డిస్టార్షన్‌తో. బాస్‌లో డిస్టార్షన్ చెవికి తెలీదులే అని కొట్టిపారేసేవాళ్లున్నారు, నేను ఒప్పుకోను. 30 హెర్ట్జ్ క్లిప్ అయితే (ఆంప్ చాలక అల కొనలు కోసుకుపోతే) దాని మూడో హార్మోనిక్, అంటే మూడింతల ఫ్రీక్వెన్సీ, 90 దగ్గర వస్తుంది, 30 కంటే 90 మన చెవికి చాలా తేలిగ్గా వినపడుతుంది. అప్పటిదాకా ఎక్కణ్ణుంచి వస్తోందో తెలీని బాస్ కాస్తా "అదిగో ఆ మూల పెట్టెలోంచి" అని వేలు పెట్టి చూపించేలా అయిపోతుంది.

కోన్‌కి తెలిసింది మిల్లీమీటర్లే

సీల్డ్ బాక్స్‌లో ఒకే సౌండ్ లెవెల్ కావాలంటే ఒక ఆక్టేవ్ కిందకి దిగిన (ఫ్రీక్వెన్సీ సగమైన) ప్రతిసారీ కోన్ నాలుగింతలు కదలాలి. 40 హెర్ట్జ్‌కి 3 మిల్లీమీటర్లు కదిలితే సరిపోయేది 20 కి 12 మిల్లీమీటర్లు కావాలి. సబ్‌వూఫర్ కట్టేవాళ్లందరూ అన్నిటికంటే ముందు గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే అని నా అభిప్రాయం, ఆంప్ గురించి చదవడానికి ముందే.

మామూలు 12 అంగుళాల వూఫర్ తీసుకుందాం, కోన్ వైశాల్యం 480 చదరపు సెంటీమీటర్లు, ఎక్స్‌మ్యాక్స్ 12 మిల్లీమీటర్లు. అంటే ఒక వైపుకి అది తోయగలిగే గాలి దాదాపు 0.58 లీటర్లు. నేల మీద పెట్టి మీటరు దూరంలో లెక్కేస్తే 40 హెర్ట్జ్ దగ్గర దాదాపు 108 డెసిబెల్స్, 20 దగ్గర దాదాపు 96. అంతే. ఆంప్ 200 వాట్లదైనా 2000 వాట్లదైనా ఆ 96 అనేది మారదు, గది తన వంతు కొంత కలపొచ్చు, అది వేరే. ఇంకా కావాలంటే పెద్ద కోన్ కావాలి, లేదా ఇంకో వూఫర్ కావాలి, లేదా పోర్ట్ కావాలి.

పోర్ట్ అన్నాను కదా, నా వూఫర్ పోయింది అక్కడే. పోర్టెడ్ బాక్స్‌లో ట్యూనింగ్ దగ్గర పనంతా పోర్ట్ చేస్తుంది, కోన్ దాదాపు కదలదు, చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది. కానీ ట్యూనింగ్ కిందకి వెళ్లేసరికి బాక్స్‌లో గాలి కోన్‌ని పట్టుకోవడం మానేస్తుంది, బయట గాల్లో వేలాడదీసినట్టే. నేను 27 కి ట్యూన్ చేసిన బాక్స్‌కి డబల్ లెక్క ప్రకారం 500 వాట్ల ఆంప్ పెట్టుకున్నా. కొన్ని నెలలు బ్రహ్మాండంగా ఉంది. ఒక రాత్రి సినిమాలో ఏదో కూలిపోయే సీను, టక్ అని గట్టిగా ఒక చప్పుడు, సుత్తితో కొట్టినట్టు. సినిమాలో చప్పుడే అనుకున్నా. మర్నాడు పొద్దున పాటలు పెడితే కాయిల్ గరగరలాడుతోంది, కోన్‌ని చేత్తో నెమ్మదిగా తోస్తే లోపల రాసుకుంటోంది. కాయిల్ చుట్టిన గొట్టం వెనక ప్లేట్‌కి కొట్టుకుని అంచు వంగిపోయింది.

ముందు వూఫర్‌ని తిట్టుకున్నా, నాసిరకం అంటగట్టారని. తర్వాత దాని పారామీటర్లన్నీ బాక్స్ లెక్కలు కట్టే విన్ ఐఎస్‌డీ సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూస్తే, చేయాల్సిన పని ఆర్నెల్లు ఆలస్యంగా చేస్తే, 16 హెర్ట్జ్ దగ్గర 70 వాట్లకే కోన్ 12 మిల్లీమీటర్లు దాటేస్తోంది. 500 వాట్లు ఇస్తే దానికి రెండున్నర రెట్ల పైన, అంటే 30 మిల్లీమీటర్లు దాటాలి. అంత కదలడానికి లోపల చోటే లేదు. వూఫర్ మీద రాసిన 250 వాట్లు అబద్ధం కాదు, అది కాయిల్ తట్టుకునే వేడి లెక్క. కోన్ ఎంత దూరం పోతుందో దాంట్లో ఉండదు. థీల్ అనే ఇంజినీరు 1961 లో, స్మాల్ అనే ఆయన 1970 ల మొదట్లో ఈ లెక్కలన్నీ కట్టి పెట్టారు, ఇప్పుడు ఉచిత సాఫ్ట్‌వేర్‌లో రెండు నిమిషాల పని. అయినా మనం వాట్లు చూసి కొంటున్నాం.

నా ఆంప్‌లో 25 హెర్ట్జ్ దగ్గర, ఆక్టేవ్‌కి 24 డెసిబెల్స్ చొప్పున కింది ఫ్రీక్వెన్సీలని కోసే హైపాస్ ఫిల్టర్ (సబ్‌సోనిక్ ఫిల్టర్ అన్నా ఇదే) ఒక్కటి ఉండి ఉంటే 16 హెర్ట్జ్ దగ్గర ఆ 500 వాట్లు కాస్తా 14 వాట్లు అయ్యేవి. వూఫర్ ఇప్పటికీ బతికి ఉండేది. కొనేటప్పుడు సబ్‌సోనిక్ ఫిల్టర్ ఉందా లేదా అని కూడా చూళ్లేదు నేను, వాట్లు చూశా. ఇప్పుడెవరైనా పోర్టెడ్ బాక్స్‌కి ఆంప్ అడిగితే ఫిల్టర్ లేని 500 వాట్ల ఆంప్ కంటే ఫిల్టర్ ఉన్న 150 వాట్ల ఆంప్ మేలు అని కచ్చితంగా చెప్తా.

మీటర్ ఒకటి చెప్పింది, స్కోప్ ఇంకోటి చెప్పింది

దెబ్బ తిన్నాక మనిషి అవతలి గట్టుకి పోతాడు కదా, నేనూ పోయా. రెండోసారి సీల్డ్ బాక్స్ కట్టి, ఒక పెద్ద ఆంప్ అరువు తెచ్చి, నేను మామూలుగా వినే గట్టి లెవెల్‌లో స్పీకర్ వైర్లకి మల్టీమీటర్ తగిలించి మ్యాక్స్ హోల్డ్ (అన్నిటికంటే ఎక్కువ రీడింగ్ పట్టి ఉంచేది) నొక్కి గంటసేపు రకరకాల పాటలు, సినిమా ముక్కలు పెట్టా. ఎక్కువలో ఎక్కువ 14 వోల్టులు. 4 ఓమ్స్‌కి 49 వాట్లు. నాకు చాలా సంతోషమేసింది. 50 వాట్లు చాలు, మిగతాదంతా ఉత్తదే అని కనపడ్డవాళ్లందరికీ చెప్పడం మొదలుపెట్టి, 24 వోల్టుల చిన్న బోర్డు కొనుక్కుని బిగించుకున్నా.

బానే ఉందనిపించేది కానీ ఎక్కడో ఒక చోట, ముఖ్యంగా డ్రమ్ దెబ్బ పడేటప్పుడు, పలచగా ఏదో చీలినట్టు ఉండేది. పెట్టెలో గాలి లీకు అనుకుని సీల్ చేశా, పక్కనున్న తలుపు అదురుతోందేమో అని కాగితం మడిచి పెట్టా. చివరికి ఆంప్‌లు రిపేరు చేసే ఒక పెద్దాయన దగ్గరికి వెళ్లా, అందరం మాస్టారూ అని పిలుస్తాం ఆయన్ని. చెప్పిందంతా విని "నీ మీటర్ నిదానంగా చూసే మనిషి నాయనా, కొట్టిన దెబ్బ అయిపోయాక తలెత్తుతుంది. స్కోప్ పెట్టి చూడు" అన్నారు. ఆయన పాత స్కోప్ (అలని తెర మీద గీసి చూపించే ఆసిల్లోస్కోప్) ఇచ్చి ఇంటికి కూడా వచ్చారు. నేను ఉత్సాహంగా స్కోప్ గ్రౌండ్ క్లిప్ తీసి ఆంప్ మైనస్ టెర్మినల్‌కి తగిలించబోతుంటే గబుక్కున చెయ్యి పట్టుకుని ఆపారు.

ఇది చాలామందికి తెలీదు కాబట్టి కాస్త ఆగి చెప్తా. ఈ చిన్న క్లాస్ డి బోర్డుల్లో ఎక్కువ భాగం బ్రిడ్జ్ పద్ధతిలో పనిచేస్తాయి. మైనస్ అని రాసి ఉన్నది గ్రౌండ్ కాదు, అది కూడా ప్లస్ లాంటి ఇంకో ఔట్‌పుట్టే, పాట ఏమీ లేనప్పుడు కూడా రెండూ సప్లైలో సగం వోల్టేజ్ దగ్గర కూర్చుంటాయి. దాన్ని గ్రౌండ్‌కి కలిపితే, స్కోప్ క్లిప్‌తో అయినా రెండు చానెళ్ల మైనస్‌లు ఒకే వైరుగా కలిపిన పాత వైరింగ్‌తో అయినా, చిప్ చచ్చిపోవచ్చు. మాస్టారు రెండు ప్రోబులు రెండు టెర్మినళ్లకి పెట్టి, గ్రౌండ్ క్లిప్‌లు రెండూ సప్లై గ్రౌండ్‌కి కలిపి, స్కోప్‌లో ఒకదాంట్లోంచి ఒకటి తీసేసి చూపించారు.

పైన, కింద గీత గీసినట్టు చదునుగా కోసేసి ఉంది అల. ప్రతి డ్రమ్ దెబ్బకీ. మళ్లీ ఆ పెద్ద ఆంప్ తగిలించి అదే లెవెల్‌లో చూస్తే పీక్ 31 వోల్టులు. 4 ఓమ్స్ లెక్కన 120 వాట్లు. మీటర్ చెప్పిన 49 ఎక్కడ, ఇది ఎక్కడ. నా 24 వోల్టుల బోర్డు ఆ దెబ్బ ఇవ్వగలిగే ప్రశ్నే లేదు. 50 వాట్లు చాలు అని నేను చెప్పిన నలుగురిలో ముగ్గురికి ఫోన్ చేసి తప్పు చెప్పానని చెప్పా, నాలుగో మనిషి అప్పటికే కొనేశాడు, ఆ బాధ ఇంకా ఉంది.

అప్పట్నుంచి నా లెక్క ఇదే, పీక్ వోల్టులు. నాకు 31 కావాలి, కాస్త అదనంగా చూసుకుంటే 40 దాకా ఇవ్వగలిగేది కావాలి. 48 వోల్టుల సప్లై మీద బ్రిడ్జ్‌లో నడిచే బోర్డు అయితే హాయిగా సరిపోతుంది. 40 వోల్టుల పీక్ అంటే 28 ఆర్‌ఎమ్‌ఎస్, 4 ఓమ్స్‌కి 200 వాట్లు. చూశారా, చివరికి వచ్చింది వాట్లలో కూడా చెప్పొచ్చు, కానీ వాట్లలోంచి మొదలుపెట్టి ఉంటే అక్కడికి చేరేవాణ్ణి కాదు.

పెద్ద ఆంప్ కావాలనేవాళ్లు చెప్పేదాంట్లో నిజం ఎంత

హెడ్‌రూమ్ (అవసరానికి మించి ఉంచుకునే పవర్) కోసం ఎంత పెద్దదైతే అంత మంచిది అనేవాళ్లని నేను తీసిపారేయను. వాట్లు రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్సే, దానికోసం అంత ఆరాటం ఎందుకని నేనే ఒకప్పుడు వాదించేవాణ్ణి. కానీ బాస్‌లో 3 డెసిబెల్స్ వేరు. ఫ్లెచర్, మన్సన్ 1933 లో గీసిన సమాన శ్రవణ రేఖలు (చెవికి ఒకే గట్టిదనంగా వినపడే లెవెల్స్‌ని కలిపే గీతలు) చూస్తే తక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర ఆ గీతలన్నీ దగ్గరదగ్గరగా వచ్చేస్తాయి. అంటే 25 హెర్ట్జ్ దగ్గర కొద్దిగా పెంచినా చెవికి చాలా పెరిగినట్టు అనిపిస్తుంది. మాట పలికే ఫ్రీక్వెన్సీలో 3 డెసిబెల్స్ ఊరికే కాస్త తేడా, సబ్‌వూఫర్‌లో అది గట్టి తేడా. ఈ పాయింట్ దగ్గర నేను వెనక్కి తగ్గా.

ఇంకోటి, చిన్న సీల్డ్ బాక్స్ కట్టి ఈక్వలైజర్‌తో కిందకి లాగేవాళ్లు. 50 దగ్గర దిగడం మొదలయ్యే బాక్స్‌ని లింక్విట్జ్ ట్రాన్స్‌ఫార్మ్ అనే ఈక్వలైజర్ పెట్టి 25 దాకా సాగదీస్తే అడుగున 12 డెసిబెల్స్ బూస్ట్ పడుతుంది, అంటే వోల్టులు 4 రెట్లు, వాట్లు 16 రెట్లు. వీళ్లకి నిజంగానే పెద్ద ఆంప్ కావాలి, 500 అన్నా 1000 అన్నా నేను కాదనను. కాకపోతే వీళ్లకి కూడా ఆ సంఖ్య ఇచ్చింది బాక్స్, కోన్. అట్టపెట్టె కాదు.

"చిన్న ఆంప్ క్లిప్ అయి వూఫర్‌ని కాల్చేస్తుంది, అందుకే పెద్దది కావాలి" అనే మాట మాత్రం సబ్‌వూఫర్ విషయంలో నేను ఒప్పుకోను. క్లిప్ అయి అయి పూర్తిగా చతురస్రం అయిపోయిన అల కూడా, సప్లై తట్టుకుంటే, మామూలు అలకి రెట్టింపు పవరే ఇస్తుంది. 100 వాట్ల ఆంప్‌ని ఎంత హింసించినా 200 దాటదు, 300 వాట్లు తట్టుకునే కాయిల్ దానికి కాలిపోదు. ట్వీటర్ల సంగతి వేరు, అక్కడ హార్మోనిక్స్ నిజంగా ప్రమాదం. చిన్న ఆంప్‌తో వచ్చే నష్టం సౌండ్ పాడవడం, పెద్ద ఆంప్‌తో వచ్చే నష్టం వూఫర్ పోవడం. ఈ రెండూ ఒకటే అన్నట్టు మాట్లాడితే ఎలా?

వేడి సంగతి కూడా ఒకటుంది. రాగి డిగ్రీకి 0.39 శాతం చొప్పున రెసిస్టెన్స్ పెంచుకుంటుంది. కాయిల్ 100 డిగ్రీలు వేడెక్కితే 39 శాతం పెరుగుతుంది, అదే వోల్టేజ్‌కి దాదాపు 2.9 డెసిబెల్స్ దాకా సౌండ్ తగ్గిపోతుంది. గంటల తరబడి ఆగకుండా మోగే ఎలక్ట్రానిక్ బాస్ వినేవాళ్లకి ఇది బాగా తగులుతుంది. వాట్లు పెంచితే ఇంకా వేడి. అక్కడ ఇంకో వూఫర్ పెట్టడమే మేలు, రెండు వూఫర్లు పక్కపక్కన పెట్టి రెండింటికీ అదే వోల్టేజ్ ఇస్తే 6 డెసిబెల్స్ వస్తాయి, ఒక్కో కాయిల్ మీద భారం పెరక్కుండానే.

ఏ రకం ఆంప్ అన్నది

ప్లేట్ ఆంప్‌లు అంటే మొదట్లో నాకు చాలా ఇష్టం, బాక్స్ వెనక ఒక కన్నం కోసి బిగిస్తే అయిపోతుంది, క్రాసోవర్, ఫేజ్ అన్నీ దాంట్లోనే. ఇప్పుడు అంత ఇష్టం లేదు. వూఫర్ ఉన్న పెట్టెలోనే ఆంప్ పెట్టడమంటే రోజూ దాన్ని పట్టుకుని ఊపడమే. పెద్ద కెపాసిటర్ల కాళ్లు సోల్డర్ దగ్గర పగలడం నేను రెండుసార్లు చూశా, రెండుసార్లూ వేడి జిగురు వేసి పట్టించాల్సి వచ్చింది. నాబ్‌ల కంతల్లోంచి, స్విచ్ చుట్టూ గాలి లీకవుతుంది, సీల్డ్ బాక్స్‌లో అది ఉస్సుమని వినిపిస్తుంది కూడా. అన్నిటికంటే చికాకు, కొన్నింట్లో 30, 35 హెర్ట్జ్ దగ్గర లోపలే బాస్ బూస్ట్ పెట్టేసి ఉంటుంది, ఎక్కడా రాసి ఉండదు. బాక్స్ లెక్కలన్నీ సరిగ్గా కట్టినా అక్కడ ఆ గుబ్బ ఎందుకొస్తోందో తెలీక వారం రోజులు పెట్టె చుట్టూ తిరిగా. ఆంప్ ఔట్‌పుట్‌ని నేరుగా కొలిస్తే గానీ తేలలేదు.

స్టేజ్ షోలకి వాడే ప్రో ఆంప్‌లు నిజంగా చెప్పినన్ని వాట్లు ఇస్తాయి, కానీ ఫ్యాన్ మోత. నిశ్శబ్దంగా ఉండే సీనులో అది చెవిలో గుయ్యిమంటుంటే ఆ వాట్లు నాకెందుకనిపిస్తుంది. వాటితో ఇంకో తిరకాసు, పూర్తి పవర్‌కి చాలావాటికి ఇన్‌పుట్ దాదాపు 1.4 వోల్టులు కావాలి, కొన్ని ఇంటి పరికరాల సబ్ ఔట్ అంత ఇవ్వలేదు. గెయిన్ నాబ్ మీద కూడా ఒక అపోహ ఉంది. మా వాడు కూడా అన్నాడు, "1000 ది తీసుకుని నాబ్ సగంలో పెడితే 500 ఏ కదన్నా" అని. కాదు. నాబ్ పవర్‌ని ఆపదు, ఎంత ఇన్‌పుట్‌కి పూర్తి పవర్ రావాలో మారుస్తుందంతే. సగంలో పెట్టినా ఇన్‌పుట్ గట్టిగా వస్తే మొత్తం 1000 వూఫర్ మీదే పడతాయి.

క్లాస్ డి లో, ప్లస్ మైనస్ రెండు సప్లైలు అడిగే హాఫ్ బ్రిడ్జ్ బోర్డులు, ఐఆర్ఎస్2092 వాడేవి చాలావరకు ఇవే, సబ్‌వూఫర్‌కి పెట్టేటప్పుడు బస్ పంపింగ్ అనేది చూసుకోవాలి. తక్కువ ఫ్రీక్వెన్సీ దగ్గర వూఫర్ వైపు నుంచి శక్తి తిరిగి సప్లైలోకి పోయి దాని వోల్టేజ్ పెరిగిపోతుంది, ఎస్‌ఎమ్‌పీఎస్ (స్విచింగ్ పవర్ సప్లై) అయితే భయపడి ఆగిపోతుంది. గట్టి బాస్ వచ్చినప్పుడల్లా ఆంప్ ఒక్క క్షణం ఆగి మళ్లీ వస్తుంటే అందరూ వేడెక్కిందనుకుంటారు. రెండు చానెళ్లుంటే ఒకదానికి సిగ్నల్ తిప్పి, దాని స్పీకర్ వైర్లు కూడా తిప్పి పెడితే చాలావరకు పోతుంది. ఫుల్ బ్రిడ్జ్ అయితే ఆ గొడవే లేదు, అందుకే నా ఓటు దానికి.

ఇక డ్యాంపింగ్ ఫ్యాక్టర్, అంటే స్పీకర్ ఓమ్స్‌ని ఆంప్ లోపలి రెసిస్టెన్స్‌తో భాగిస్తే వచ్చేది. ఒకదానికి 200, ఇంకోదానికి 800 అని చూసి 800 ది కొనేవాళ్లని ఆపాలనిపిస్తుంది. 4 ఓమ్స్‌కి 200 అంటే ఆంప్ లోపలి రెసిస్టెన్స్ 0.02 ఓమ్, 800 అంటే 0.005. ఆ దారిలోనే 3.4 ఓమ్స్ కాయిల్ కూర్చుని ఉంది, 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు 3 మీటర్లు వాడితే పోను రాను కలిపి 0.04 ఓమ్. వీటన్నిటి మధ్య ఆ 0.015 తేడా ఏ కోన్‌కీ తెలీదు.

దాని బదులు నేను చూసేది డీఎస్‌పీ, సిగ్నల్‌ని డిజిటల్‌గా మార్చి దిద్దేది. హైపాస్, లోపాస్, రెండు మూడు ఈక్వలైజర్ బ్యాండ్లు, ముఖ్యంగా పీక్ లిమిటర్ (వోల్టేజ్‌ని పెట్టిన హద్దు దాటనివ్వనిది). ఆంప్‌లో ఉంటే సరే, లేకపోతే ఏడీఏయూ1701 లాంటి చిప్ ఉన్న చిన్న బోర్డు ముందు పెట్టుకోవచ్చు. మా ఇంట్లో నాబ్ తిప్పేది నేనొక్కణ్ణే కాదు. పిల్లలు తిప్పుతారు, వచ్చిన చుట్టాలు తిప్పుతారు, వాళ్లకి ఎక్స్‌మ్యాక్స్ గురించి చెప్పి కూర్చోబెట్టలేం కదా. లిమిటర్ ఒకసారి వోల్టుల్లో లెక్క కట్టి పెట్టేస్తే ఎవరు ఎంత తిప్పినా కోన్ తన హద్దు దాటదు. నా వూఫర్ పోయిన రాత్రి నాకు లేనిది అదే.

ఇదంతా కొత్తగా కట్టేవాళ్లకి ఎక్కువైపోతుందేమో, డబల్ లెక్క కనీసం గుర్తుపెట్టుకోవడానికి సులువు కదా అనే సందేహం నాకూ ఉంది. కానీ ప్లైవుడ్ మిల్లీమీటరు తేడా రాకుండా కొలిచి కోసేవాడికి, పోర్ట్ పొడుగు లెక్క కట్టేవాడికి, ఇంకో రెండు గ్రాఫులు చూడటం కష్టం కాదు. ఆ ఓపిక పెట్టెకి చూపించి ఆంప్ దగ్గరికొచ్చేసరికి ఎందుకు వదిలేస్తామో నాకర్థం కాదు.

మా వాడు నిన్న రాత్రి వూఫర్ కాగితం ఫొటో తీసి పంపాడు. ఎక్స్‌మ్యాక్స్ 11 మిల్లీమీటర్లు, రెండు కాయిల్స్, ఒక్కోటి 2 ఓమ్స్. సిరీస్‌లో కలిపితే 4, ప్యారలల్ అయితే 1, ప్యారలల్ జోలికి పోవద్దని చెప్పా. ఇద్దరం ఫోన్‌లోనే వాడి బాక్స్‌ని సాఫ్ట్‌వేర్‌లో పెట్టి చూశాం. 25 దగ్గర హైపాస్ పెడితే 28 వోల్టుల దాకా కోన్ హద్దులోనే ఉంది, తీసేస్తే 20 హెర్ట్జ్ కింద గీత నిట్టనిలువుగా పైకి లేచిపోయింది. వాడు ఆ గీత చూసి కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "మరి లిమిటర్ 28 దగ్గరే పెట్టనా, ఇంకాస్త తగ్గించనా అన్నా?" అని అడిగాడు. ప్రస్తుతానికి 26 అన్నా. పోర్ట్ జిగురు ఆరాక వెళ్లి ఇంపెడెన్స్ తీయాలి, ట్యూనింగ్ అనుకున్న చోట పడకపోతే ఆ 26 మళ్లీ మారుతుంది.